గ్రేస్ మార్కుల లాభం

యోసేపు సారు జన్మలో సముద్రాన్ని చూసిన మనిషి కాదు. అయితేనేం, సముద్రం అడుగు నుంచి చమురూ గ్యాసూ తోడే కంపెనీలో ఆయనకు ఎనిమిది వందల షేర్లున్నాయి. మెదక్‌లో ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో సగం అందులోనే పోశాడు. మధ్యాహ్నం అన్నం తిని చర్చి ఆవరణలో వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుంటే చాలు, గోపురం నీడ మెల్లగా జరిగేది, సారు రెప్పలు వాలేవి. నీలం నీళ్ల మధ్య ఇనుప కాళ్ల మీద నిలబడ్డ చమురు బావులు కనిపించేవి. ఉప్పుగాలి కూడా తగిలేది. మెదక్‌లో ఉప్పుగాలేంటి అంటారా? తగిలేది మరి, ఆయన్నే అడగండి!

ఇంట్లో భార్య ఎలిశిబమ్మ మోకాళ్లు మాత్రం అరిగిపోయాయి. ఏటా క్రిస్మస్‌కు క్వయర్‌లో రెండు గంటలు నిలబడి పాడే మనిషి, ఇప్పుడు వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఆపరేషన్ చేస్తే మళ్లీ నిలబడొచ్చని డాక్టరు జనవరిలోనే చెప్పాడు. షేర్లమ్మితే డబ్బుంది. కానీ కంపెనీ మూణ్నెల్లకోసారి చెప్పే లాభనష్టాల లెక్క కోసం సారు ప్రతిసారీ “గీ క్వార్టర్ రిజల్ట్స్ రానియ్యి” అనేవాడు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, అన్నీ వచ్చాయి, పోయాయి.

నవంబరులో నాలుగోవి వచ్చాయి. లాభం అరవై శాతం పెరిగిందని ఫోన్‌లో కనబడగానే సారు వంటింట్లోకి ఉరికాడు.

“ఎలిశిబా, చూసినవా? షేరు మస్తు లేస్తది. జర ఇంకో మూడు నెలలు ఆగు.”

“సరే తియ్యుండ్రి,” అంది ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా.

పోట్లాడి ఉంటే బాగుండేది. ఆ “సరే” ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. చర్చి దగ్గరి బల్ల మీదికి పోయి, ఇన్నాళ్లకు మొదటిసారి రిజల్ట్స్ మొత్తం తెరిచాడు. అంతదాకా చూసిందంతా అడుగున ఉండే లాభం అంకె ఒక్కటే. పిల్లల ప్రోగ్రెస్ కార్డులో మొత్తం మార్కులు మాత్రమే చూసి సంతకం గీకే తండ్రులను బడిలో నిలబెట్టి తిట్టిన పెద్దమనిషే ఈయన!

ఈసారి సబ్జెక్టుల వారీగా చదివాడు. తోడిన చమురు నిరుటికన్నా తక్కువ. పోయిన క్వార్టర్‌కన్నా కూడా తక్కువ. గ్యాసూ అంతే. ఖర్చు మాత్రం పెరిగింది. మరి లాభం ఎక్కణ్నుంచి ఊడిపడింది? కింద చిన్న అక్షరాల్లో దొరికింది: కంపెనీ పాత ఆఫీసు స్థలం అమ్ముకుంది. ఒక్కసారి వచ్చి పోయే డబ్బు. అది తీసేస్తే లాభం నిరుటికన్నా తక్కువే.

“వారినీ! గ్రేస్ మార్కులేసి పాస్ చేసిండ్రు గదరా,” అన్నాడు సారు పైకే. పైన పటారం, లోన లొటారం. వెనక్కి వెళ్లి పాత మూడు క్వార్టర్లూ తీశాడు. బావులు అప్పటినుంచే ఎండుతున్నాయి. కళ్లు మూసుకుంటే సముద్రం రాలేదు, ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది.

లాభం అంకె ఒక్కటే చూసి జనం ఎగబడి కొంటున్నారు. మార్కెట్ మూసేలోపు ఎనిమిది వందలూ మంచి ధరకే అమ్మి, ఇంటికి దాదాపు పరుగెత్తాడు.

“అమ్మేసిన. రేపే దవాఖానకు పోదాం. నువ్వు మళ్ల నిలబడి పాడుతవ్.”

ఎలిశిబమ్మ చేట పక్కన పెట్టింది. “క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైందండి. పోయిన ఆదివారమే నా జాగల పక్కింటి రెబెకాను తీస్కొమ్మని చెప్పిన. పాటల పుస్తకం గూడ ఇచ్చేసిన.”

“అయ్యో! నన్నొక మాట అడగొద్దా?”

“ఏమని అడగాలె? మీరు ఆగమంటరని ఎరుకే గద.”

సారు ఆమె పక్కన కింద కూలబడ్డాడు. “పోనీ తియ్యి, వచ్చే క్రిస్మస్‌కు పాడుదువు.”

ఆమె ఆయన వైపు చూసింది. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. “వచ్చే క్రిస్మస్ అంటే ఎన్ని క్వార్టర్లండి?”

లెక్కల సారుకు జవాబు తెలుసు. చేట తన ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.