పెంటగంపలో పోయిన కుక్క

మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. కుక్క కాదది, గాలిదుమారం. పుట్టినింటి నుంచి నా ఎంబడే వచ్చింది. నేను పెండ్లయి ఎద్దులబండిలో కంభం దాటి వస్తాంటే, చక్రాల కింద పడి చస్తాదేమో అని నేను అరుస్తానే ఉన్నా, అది నాలుక వేలాడేసుకోని అత్తగారి ఊరు దాకా ఉరికొచ్చింది. అప్పుడు మావన్నీ కర్నూలు జిల్లా ఊర్లు. పైన తెల్లదొరల పెత్తనం, ఊర్లో రెడ్డి పెత్తనం. దొరను మేమెప్పుడూ చూడలేదు. రెడ్డిని దినామూ చూస్తాం.

ఆ కుక్కకు ఒక్క గడియ కాలు నిలవదు. కోళ్ళను తరుముతాది, ఎండేసిన జొన్నల్లో దొర్లుతాది, దొనకొండకు పోయే పొగబండి కూత వినపడితే చాలు, పట్టాల దాకా ఉరికి దాన్ని ఊరు దాటించి వస్తాది. "దీన్ని నక్కలెత్తకపోనూ" అని మా అత్త తిట్టేది. తిట్టి, సంకటి కుండలో అడుగంటిన మాడు గీకి దానికే వేసేది.

ఒక పొద్దు అది రెడ్డి మేకల మీద పడింది. కరవలేదు, ఆటకు తరిమింది, నేను కండ్లారా చూసినా. కానీ చూలుమేక ఒకటి బెదిరి వంకలో పడి, దాని కడుపు పోయింది. మా ఆయన ఆ రెడ్డి దగ్గరే జీతానికుండేవాడు. రెడ్డి ఆయన్ను కళ్ళం కాడికి పిలిపించి, "ఆదివారం తర్వాత ఆ కుక్క ఊర్లో కనపడితే తలారితో కొట్టిచ్చి చంపిస్తా. దాచిపెట్టినారని తెలిసిందా, నువ్వు కూడా నా చేలో కాలు పెట్టబాకు" అన్నాడంట.

మా ఆయన ఆ మాట నా మొగం చూడకుండా చెప్పినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మేక బెదిరితే కుక్కను చంపుతారా? రేపు నన్ను చూసి బెదిరితే నన్ను చంపుతారా?" అని అరిచినా.

"మెల్లగా మాట్లాడవే తల్లీ, ఎవరన్నా ఇంటారు" అన్నాడు ఆయన.

పక్క ఊర్లలో కుక్కను పెట్టుకోమని నేను అడగని ఇల్లు లేదు. "ఆ దయ్యాన్నా? మాకొద్దమ్మా" అని అందరూ తలుపేసుకున్నారు. చివరికి కొండ కింద బీడులో మంద దించిన ముసలి గొర్లకాపరి గుర్తుకొచ్చినాడు. గొర్లను చేన్లో పండబెడితే ఆ పెంట చేనుకు బలం, అందుకని రైతులు పిలుస్తారు, మంద చేనూ చేనూ తిరుగుతాంటాది. ఆయన కుక్కను చిరుతపులి ఎత్తకపోయిందని విన్నా. కుక్కను తీసుకోని ఆయన కాడికి పోయినా.

ఆయన నా మాట ఇని, అప్పుడే ఈనిన గొర్రెను తెచ్చి కుక్క ముందర నిలబెట్టినాడు. గొర్రె తలొంచి ఒక్క కుమ్ము కుమ్మింది. కుక్క దొర్లి లేచింది. అది కరిచిందంటే అన్నీ అయిపోయినట్టే. అది చెవులు వాల్చి, పొట్ట నేలకానిచ్చి పండుకుంది.

"దీనికి తిక్క ఉంది గాని పాపం లేదు పిల్లా" అని ముసలాయన నవ్వినాడు. "నాకు ఉరికేదే కావాల. ఇడిసిపెట్టి పో."

పోతా పోతా నేనొక పని చేసినా. నా పాత చీర చెంగు చింపి దాని మెడకు కట్టినా. నా వాసన ఉంటే దిగులు పడదని. ఎంత తెలివిగలదాన్నో అని నాకు నేనే మురుసుకున్నా.

ఆదివారం మిషను గుడిలో మోకాళ్ళేసి, "కుక్కకు దారి చూపినావు ప్రభువా" అని మొక్కుకుని, ఆమెన్ అని కండ్లు తెరిస్తే గుమ్మంలో నిలబడుంది! కొరికేసిన తాడు ముక్క ఒకపక్క, నా చీర పేలిక ఒకపక్క, తోక ఆడిస్తా. గుడిలో ఉన్నోళ్ళంతా చూసినారు. పొద్దు గుంకేలోగా రెడ్డికీ తెలిసింది.

తెల్లారి తలారి దుడ్డుకర్ర పట్టుకోని వచ్చినాడు. నేను కుక్కను కోళ్ళగంప కింద తోసి గంప మీద కూర్చున్నా. "కుక్క వచ్చిందంట గదమ్మా" అని ఆయన గుమ్మంలో కూర్చున్నాడు. కింద అది గోళ్ళతో గీకుతాంది. అది ఊరికే ఉండే జాతి కాదు గదా, ఇప్పుడో ఇంకాసేపటికో మొరుగుతాది.

అప్పుడు మా అత్త లేచింది. "ఏమే సోమరిదానా! పొద్దెక్కినా గంప మీద దొరసాని లాగ కూర్చున్నావే! నా కొడుకు ఎండలో మాడిపోతాంటే!" అని గొంతు చించుకుంది. నాకు ఒక్క గడియ అర్థం కాలేదు. అర్థమైనాక నేనూ ఎత్తుకున్నా. ఇద్దరం ఇల్లు లేచిపోయేటట్టు అరుచుకున్నాం. అందులో నిజంగా మనసులో ఉన్న మాటలు కూడా కొన్ని ఉండినాయి, రెండు పక్కలా.

తలారి చెవులు మూసుకున్నాడు. "మీ అత్తాకోడండ్లకొక దండం. సాయంత్రం రెడ్డి మనుషులను తీసుకోని వస్తా, ఇల్లంతా ఎతకాలంట" అని లేచిపోయినాడు.

ఆయన మలుపు తిరగ్గానే మా అత్త కుక్కను బయటికి లాగి, మెడలోని పేలిక చూసి నెత్తి కొట్టుకుంది. "నీ వాసన మెడకు కట్టి పంపితే అది యాడుంటాదే పిచ్చిదానా? నిన్ను ఎతుక్కుంటా వచ్చింది" అని పేలిక పొయ్యిలో పడేసింది. "ముందు నీ వాసన పోవాల" అని మేకపెంటికలు నీళ్ళలో పిసికి దాని ఒళ్ళంతా రుద్దింది. పెంటగంపలో దాన్ని ముడిచి పండబెట్టి, పైన గోనెపట్ట కప్పి, గోనె మీద ఎండుపెంట పోసింది.

"ఊపిరాడుతాదా అత్తా?"

"నీ ఊపిరి సంగతి చూసుకో. పో, తొందరగా మంద కాడికి పో."

కొండ కిందికి రెడ్డి కళ్ళం పక్కనే దారి. మిట్టమధ్యాన్నం అందరూ నీడన ఉంటారనుకున్నా. రెడ్డి కళ్ళంలోనే మంచమేసుకుని ఉన్నాడు, పక్కన తలారి.

"యాడికే ఇంత ఎండలో?"

"పెంట, రెడ్డీ. చేనుకు."

నెత్తి మీద గంప కదిలింది. కాలు సర్దుకుందో ఏమో, పెంట గడ్డలు నా భుజం మీద రాలినాయి.

"నిలబడు" అన్నాడు రెడ్డి. మంచం దిగి నా వైపు వస్తాన్నాడు. ఇంక దగ్గరికి వస్తే గోనె ఊపిరి తీసుకోవడం కనపడతాది. "కదలబాకు తల్లీ, కదలబాకు" అని లోపల్లోపల దాన్నే బతిమాలినా. పుట్టినకాడ్నుంచి ఒక్కచోట నిలవని ముండ, ఆ పొద్దు రాయి మాదిరి పండుకుంది.

గాలి తిరిగింది. రెడ్డి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "థూ! నా గింజల మీద రాలుస్తావా? దూరం, దూరం పో!"

ఆ "దూరం" అనే మాట చిన్నప్పటి నుంచి ఇంటానే ఉన్నా. బాయి కాడ, అంగడి కాడ, ఎక్కడికి పోయినా అదే. ఇన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. ఆ పొద్దు మాత్రం ఆ మాటకు దండం పెట్టి, ఎంత దూరం జరగాలో అంత దూరం జరిగి నడిచినా.

గొర్లకాపరి కుక్కను వాసన చూసి, "ఇప్పుడు మా గొర్రె మాదిరి ఉంది" అని తన గొంగడి కింద పండబెట్టుకున్నాడు. "పిలవబాకు. తిరిగి చూడబాకు. నువ్వు ఏడిస్తే అది వస్తాది" అన్నాడు. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఇల్లు చేరినా. సాయంత్రం తలారి మనుషులతో వచ్చి ఇల్లంతా ఎతికి ఉత్తచేతులతో పోయినాడు.

ఎండాకాలంలో ఆ మందను రెడ్డే తన చేనుకు పిలిపించినాడు. మంద దించినోళ్ళకు, వాళ్ళ కుక్కకు కూడు పెట్టేది చేను గలాయన వంతు. నేను కంపపుల్లలకని పోతాంటే, రెడ్డి తన చేత్తోనే దానికి సంకటి ముద్ద వేస్తా కనపడినాడు. ఎంత ఎదిగిందో! రొమ్ము వెడల్పయింది, ఒళ్ళు నిగనిగలాడతాంది. నేను మరిచిపోయి రెండడుగులు దగ్గరికి పోయినా.

అది ముద్ద ఇడిసిపెట్టి ఉరికొచ్చి, గొర్లకూ నాకూ నడుమ నిలబడి, పండ్లు బయటపెట్టి మొరిగింది. ఇంకో అడుగేస్తే కరిచేదే. ముసలాయన నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"దూరంగా పో, కరుస్తాది" అని రెడ్డి నవ్వినాడు. "చూసినావా, కుక్కంటే ఇట్లుండాల. మీదీ ఉండె, దరిద్రపుది."

"అవును రెడ్డీ, మంచి కుక్క" అన్నా. అంత మెత్తగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చి మా అత్తకు చెప్పినా. "బతికింది గదే" అనింది.

"బతికింది. కానీ నన్ను దూరం పొమ్మనిందత్తా" అని వలవలా ఏడ్చినా. రెడ్డి అన్నప్పుడు ఏ పొద్దూ ఏడవనిదాన్ని, అది అంటే ఏడ్చినా.

మా అత్త సంకటి కుండలో మాడు గీకి, అలవాటు చొప్పున గుమ్మం దాకా పోయి, చిప్ప చేతిలోనే పెట్టుకోని శానాసేపు నిలబడింది.