మాట్లాడనోళ్లను అడిగిన సారు

సోషల్ సారు పోయాడన్న వార్త మా ఊరికి ఆటోలో వచ్చింది. గద్వాల నుంచి పొద్దున మొదటి ట్రిప్పు తెచ్చిన ఆటో పిల్లగాడు మా గోడ పక్కన బండి ఆపి, దిగకుండానే అరిచాడు.

“తాతా, సోషల్ సారు పోయిండంట. రాత్రి గుండెనొప్పి వచ్చిందంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందంట.”

“ఏ సారు?” అన్నాను. మా ఊళ్లో సోషల్ సారు అంటే ఒక్కడే. అయినా అన్నాను.

“ఏ సారు అంటవేంది? మీ ఇంట్ల వద్దు వద్దనుకుంటనే చాయ్ తాగే సారు!” అని వాడు బండి పోనిచ్చాడు.

అప్పుడే బడి గంట కొట్టారు. మా ఇల్లు హైస్కూలు గోడను ఆనుకొని ఉంటుంది. మైకు గొట్టం సరిగ్గా మా వాకిలి వైపే నోరు తెరుచుకొని ఉంటుంది. నిలబడి విన్నాను. ప్రార్థన అయింది. ప్రతిజ్ఞ అయింది. పిల్లలు వరసగా క్లాసులకు పోయారు. అంతే. సారు పోయిన వార్త రాలేదు.

ఎట్లా వస్తుంది? ప్రేయర్లో ఊరి వార్తలు చదవడం దసరా సెలవులకు ముందే ఆపేశారు. ఎవరి బర్రె ఈనినా, ఎవరి చేలో బోరు పడినా, ఏ ముసలామెకు పన్ను ఊడినా మైకులో చెప్పించిన మనిషి. తన వంతు వచ్చేసరికి చెప్పేవాళ్లు లేరు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముందు ఆపినవాళ్ల మీద వచ్చింది. తర్వాత సారు మీదే వచ్చింది. వార్తల సంగతి తేల్చే మీటింగు శనివారం బడిలో ఉందనగా, అందులో నన్ను మాట్లాడమని చెప్పి, తను పోతాడా?

ఆ సారు గురించి బడి పుస్తకానికి రాయమని తెలుగు మేడం అడిగింది. నేను ఐదో తరగతి మనిషిని, మాట్లాడటమే రాదు, రాయడం ఏం వస్తుందమ్మా అన్నాను. “అందుకే మిమ్మల్ని అడుగుతున్న” అన్నది. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలుసు.

సారు కొత్తగా వచ్చినప్పుడు పిల్లలు ప్రేయర్లో పేపరు చూసి వార్తలు చదివేవాళ్లు. సారు కొన్నాళ్లు విన్నాడు. “ఇవి పేపర్ల ఉన్నయే గద. పేపర్ల లేనియి ఎవరు చదవాలె?” అని, పిల్లలను సాయంత్రం పూట ఇళ్ల మీదికి తోలాడు. ఒక్కో రోజు ఒక్కో వాడకు. మా ఇంటికి మాత్రం వంతు లేదు, గింతు లేదు. బడి పక్కనే కదా అని రోజూ.

దానికి ఒక పద్ధతి పెట్టాడు. “ఇంట్ల ఎక్కువ మాట్లాడెటోళ్లను అడగొద్దు. వాళ్ల మాట ఎట్లన్న ఊరంత తిరుగుతది. మాట్లాడనోళ్లను అడగాలె. చెప్పింది చెప్పినట్టు చదవాలె.”

మా ఇంట్లో నా భార్య నోరు తెరిస్తే ధరూరు సంత లెక్క ఉంటుంది. ఏ ఊళ్లో ఏ పెళ్లి కుదిరిందో, ఏది చెడిందో అన్నీ ఆమె దగ్గర ఉంటాయి. పిల్లలు గడపలోకి రాగానే “నన్ను అడుగు బిడ్డా, నేను చెప్త” అని ఎదురు పోయేది.

“నిన్ను అడగొద్దన్నడు సార్. తాతను అడగమన్నడు.”

ఆమె మూతి ముడిచేది. పిల్లలు నా ముందు నిలబడేవాళ్లు. “తాతా, ఇయ్యాల వార్త ఏంది?”

“ఏం లేదు” అనేవాణ్ని. నిజంగానే ఏం లేదు. పల్లి చేను, కంది చేను, ఎద్దు, తిండి, నిద్ర. ఇందులో వార్త ఏముంది?

పొద్దున మైకులో, “బడి పక్కింటి తాత: ఏం లేదు” అని వచ్చింది. మర్నాడు కూడా. ఆ మర్నాడు కూడా. ఊరంతా నవ్వింది. చాయ్ హోటలుకు పోతే “ఏం లేదు తాతా, బాగున్నవా?” అనడం మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నలుగురి కంట పడకుండా బతికినవాణ్ని. నా పేరే పోయి “ఏం లేదు తాత” నిలిచింది.

సారు దగ్గరికి పోయాను. “నన్ను ఇడిసిపెట్టు సారూ. ఏం లేదన్నది గూడ వార్తనా?”

“ఏమన్న ఉంటే చెప్పు. అది చదివిస్త.”

“ఏం చెప్పాలె?”

“నాకెట్ల తెలుస్తది పెద్దాయనా? ఇల్లు నీది.”

ఇట్లాంటి మనిషితో ఎవరైనా ఏం వాదిస్తారు?

ఆయనతో పరేషాన్ ఇదొక్కటే కాదు. మా ఇంటికి వస్తే “చాయ్ వద్దు, ఇప్పుడే తాగొచ్చిన” అనేవాడు. రెండు గ్లాసులు తాగేవాడు. ఒకసారి నా భార్య నిజమే అనుకొని పెట్టలేదు. చీకటి పడేదాకా లేవలేదు. మైకు కట్టడానికి నా నిచ్చెన అడిగి తీసుకుపోయాడు. “జర సేపట్ల పంపిస్త” అన్నాడు. అది ఇప్పటికీ బడి వరండాలోనే ఉంది. నేను మిద్దె ఎక్కాలంటే హెడ్మాస్టరును అడగాలి. పిల్లలను శ్రీరంగాపూర్ గుడికి తీసుకుపోతూ, ఆడపిల్లలను పంపాలంటే ఊరి పెద్దమనిషి వెంట ఉండాలంటున్నారని నన్ను బండి ఎక్కించాడు. దారి పొడుగునా కక్కే పిల్లల వీపులు నిమురుతూ కూర్చున్నాను. అక్కడికి పోయాక చెరువు గట్టు మీద అందరినీ నిలబెట్టి “ఇప్పుడు పెద్దాయన ఈ చెరువు గురించి చెప్తడు” అన్నాడు. ముందుగా ఒక మాట చెప్పలేదు, గీట చెప్పలేదు. నేను నీళ్ల వైపు చూశాను. “పెద్దది” అన్నాను. పిల్లలు పడి పడి నవ్వారు. మర్నాడు మైకులో అది కూడా వచ్చింది.

అన్నిటికంటే పెద్ద బాధ పొద్దున పూట. వార్తలు చదివేటప్పుడు సారు బడిలో ఉండేవాడు కాదు. బయటికి వచ్చి, మా ఇంటి మూల మలుపులో, బడి వైపు వీపు పెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడేవాడు. మాట వినపడితే జేబులోంచి దస్తీ తీసి పైకెత్తేవాడు. గేటు దగ్గర ఒక పిల్ల అది చూసి చదివేవాళ్లకు సైగ చేసేది. వినపడకపోతే “వినవడ్తలే!” అని పెద్దగా అరిచేవాడు. నా ఎద్దు బెదిరి గుంజ చుట్టూ తిరిగేది. ఎందుకు సారూ ఈ లొల్లి అంటే, “చెప్పినోళ్లకు తమ మాట వినవడాలె. లేకుంటే అడిగినట్టు కాదు” అనేవాడు.

ఎస్తేరు అనే పిల్ల ఆరో తరగతి నుంచి మా ఇంటికి వస్తున్నది. ఇప్పుడు తొమ్మిది. తల్లిదండ్రులు పనికి పూనా పోతారు, ఈమె నాయనమ్మ దగ్గర ఉంటుంది. జంకు లేని పిల్ల. ఒకరోజు ఆమె వచ్చేసరికి నాకు చలిజ్వరం. దుప్పటి ముసుగేసుకొని లోపల పడుకున్నాను. పిలిచింది. నేను పలకలేదు. పొద్దున మైకులో చదివింది: “బడి పక్కింటి తాత: పలకలే.”

ప్రేయర్ అయ్యే లోపలే సారు మా వాకిట్లో ఉన్నాడు.

“ఏమైంది?”

“ఏం లేదు.”

“అబద్ధం. ఏం లేదనెటోడు ఆ మాట అనని రోజు ఏదో ఉన్నట్టే.”

ఒళ్లు ముట్టి చూశాడు. బండి మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టి, వెనక నుంచి డ్రిల్లు సారుతో పట్టించి, దవాఖానకు తీసుకుపోయాడు. దారంతా తిడుతూనే ఉన్నాడు. తిరిగి వచ్చాక నా భార్య కండ్లు తుడుచుకుంటూ, “జ్వరమని నాకు గూడ చెప్పలే చూడు సారూ” అన్నది.

“నువ్వు అడిగినవా అమ్మా?”

ఆమె నోటికి మాట రాకపోవడం నేను చూసింది అదొక్కసారే.

ఇంకో సంగతి. ఎద్దును అమ్మేసిన రోజు సాయంత్రం ఎస్తేరు వచ్చి ఎప్పటిలాగే అడిగింది. నేను ఎప్పటిలాగే అందామనుకున్నాను. నోట్లోంచి “కొట్టం ఖాళీ అయింది” అని వచ్చింది. పొద్దున మైకులో ఆ మాటే, అంతే చదివింది. ఆ సాయంత్రం నా ఈడువాళ్లు ఇద్దరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను పిలవలేదు. కాసేపటికి సారు వచ్చాడు. చాయ్ వద్దన్నాడు, తాగాడు. ఆ ఒక్కరోజే ఆయన నన్ను ఏమీ అడగలేదు.

పోయినేడు రిటైరయ్యాడు. గద్వాలలో ఇల్లు కట్టుకున్నాడు. పోనీ, ఇక పీడ పోయిందనుకున్నాను. పోలేదు. వారం తిరగకముందే ఆటో ఎక్కి వచ్చి మలుపులో నిలబడేవాడు.

దసరాకు ముందు గొడవ అయింది. ఎస్తేరు ఊళ్లో పెద్దింటి కోడలిని అడిగింది. ఆ కోడలు ఇంట్లో ఉందో లేదో తెలియనంత నిమ్మళం మనిషి. ఆలోచించి చెప్పింది. “బోరు ఎండింది. నీళ్లు నేను మోస్తున్న.” ఎస్తేరు చదివింది. పొద్దెక్కకముందే ఆ ఇంటి పెద్దాయన తువ్వాల భుజాన వేసుకొని బడికి వచ్చాడు.

“బోరు ఎండిందని మైకుల చెప్తరా? నా చేను ఇంక ఎవడు కౌలుకు పడ్తడు? ఇది బడా, చాటింపా?”

“ఎండిందని చెప్పింది, చదివిన. నీళ్లొస్తే వచ్చినయని చదువుత” అన్నది ఎస్తేరు.

ఆ చేను కౌలుకు మాట్లాడుకున్న అమరచింత ఊరాయనకు ఆ సంగతి ముందే తెలుసట. బోరు ఎండితే దాగుతుందా? దాగింది కోడలు మోసే బిందెలే. వార్త వచ్చిన రోజు సాయంత్రమే ఆమె మొగుడు బండికి రెండు వైపులా క్యాన్లు కట్టుకొని నీళ్లకు పోతుంటే చూశాను. కానీ కొత్త హెడ్మాస్టరుకు గొడవలంటే భయం. వార్తలు ఆపేశాడు. దసరా సెలవులయ్యాక ఒక శనివారం మీటింగు పెడతాను, ఊళ్లో వాళ్లు ఏమంటే అది అన్నాడు.

వార్తలు ఆగిన దగ్గర నుంచి సాయంత్రాలు మా గడప ఎక్కేవాళ్లు లేరు. హాయిగా ఉండాలి. ఎస్తేరు వచ్చే వేళకు నేను అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నానని నా భార్య చెప్తే తెలిసింది.

సారు వచ్చాడు. అదే ఆఖరు రాక.

“మీటింగుల నువ్వు మాట్లాడాలె పెద్దాయనా.”

“నాతోని కాదు. నువ్వు మాట్లాడు.”

“నేను ఇప్పుడు ఈ బడి సారును కాదు. అయినా మాట్లాడెటోళ్లు మాట్లాడితే ఎవరు వింటరు?”

“నాతోని కాదు సారూ.”

“ఆ మాటే నిలవడి చెప్పు. అది చాలు” అని నవ్వి, రెండో గ్లాసు కూడా తాగి పోయాడు. తర్వాత ఆటో పిల్లగాడు తెచ్చిన వార్తే.

మీటింగుకు పోయాను. వరండాలో వెనక, నా నిచ్చెన పక్కనే కూర్చున్నాను. ముందు సారు కోసం అందరం లేచి మౌనంగా నిలబడ్డాం. ఆయనకు మౌనం అస్సలు నచ్చదని నాకు తోచింది. పెద్దింటాయన చాలాసేపు మాట్లాడాడు. చదువుకోను పంపిస్తే ఇంటింటి గుట్టు అడుగుతరా అన్నాడు. తలలు ఊపారు. నా భార్య లేచి ఏదో చెప్పబోయింది. “నువ్వు కూసో, నీది ఎప్పుడు ఉన్నదే” అన్నారు. హెడ్మాస్టరు వాచీ చూసుకున్నాడు. “ఇంక ఎవరన్న ఉన్నరా?”

ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు.

పిల్లల వరసలోంచి ఎస్తేరు లేచింది. నేరుగా నా వైపు తిరిగింది.

“తాతా, ఇయ్యాల వార్త ఏంది?”

ఊరు ఊరంతా నా వైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వి, “ఏం లేదంటడు” అన్నారు. నేను నిచ్చెన పట్టుకొని లేచాను.

“సారు పోయిండు” అన్నాను. “మైకుల రాలే.”

అంతటితో కూర్చోవచ్చు. కానీ ఇంకొకటి మిగిలింది.

“నన్ను ఎవ్వరు అడుగుతలేరు.”

కూర్చున్నాను. నవ్విన మనిషి మళ్లీ నవ్వలేదు. ఆడవాళ్ల మధ్యలోంచి సన్నగా ఒక గొంతు, “నన్ను గూడ” అన్నది. పెద్దింటి కోడలిది. మామ తల తిప్పి చూశాడు. తువ్వాల ఆ భుజం మీద నుంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు.

“సోమవారం నుంచి చదవండి” అన్నాడు హెడ్మాస్టరు. “లొల్లి అయితే నన్ను అనొద్దు.”

“ఇంక ఎవరిని అనాలె సారూ?” అన్నది నా భార్య. అప్పుడు అందరూ నవ్వారు.

ఆదివారం ఎస్తేరు తెలుగు మేడం వెంట గద్వాల పోయి వచ్చింది. సారు ఇంట్లో మాట్లాడే మనిషి సారే. ఆయన భార్య నోటి నుంచి నేను ఎప్పుడూ ఒక్క మాట వినలేదు. ఆమెను అడిగిందట. చాలాసేపటికి చెప్పిందట. ఏం చెప్పిందో మాత్రం నాకు చెప్పలేదు. “రేపు మైకుల విను” అని, “నీదేంది తాతా?” అన్నది.

“ఏం లేదు” అన్నాను.

సోమవారం పొద్దున పెద్ద పిల్లలు నా నిచ్చెన వేసుకొని, వానకు వంగిన మైకు గొట్టాన్ని సరిచేశారు. నేను బయటికి వచ్చి మలుపులోకి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. కాళ్లు పోయాయి. బడి వైపు వీపు పెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను. గాలి ఎదురు కొడుతున్నది.

“ఊరి వార్తలు. మన బడిల పనిచేసిన సోషల్ సారు పోయిండు. సారు ఇంటి అమ్మ: ఇంట్ల చాయ్‌పత్తి మిగులుతున్నది.”

గేటు దగ్గర ఒక పిల్ల నా వైపు చూస్తూ నిలబడి ఉంది. నా దగ్గర దస్తీ లేదు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి పైకెత్తాను.