కూతకు వెంట్రుకవాసి ఇవతల

కార్తీకమాసం, రెండో ఆదివారం, పొద్దున పదకొండు దాటి పది నిమిషాలు. అందాజుగా చెప్పడం లేదు, గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. గచ్చిబౌలిలో వాయిద్యాలు అమ్మే ఒక దుకాణంలో, బియ్యం డబ్బా అంత ఉన్న చిన్న పెట్టె వెనక ముక్కు పెట్టి నిలబడ్డాను. జాలీ లోపల బల్బుల్లాంటి గాజు బుగ్గలు మెల్లగా ఎర్రబడుతున్నాయి. వాటి మీది దుమ్ము కాలుతున్న వాసన, వేడెక్కిన రేకు వాసన, అడుగున ఎక్కడో లక్క మెత్తబడుతున్నట్టు ఇంకో వాసన, మూడూ కలిసి వచ్చాయి. ఆ వాసన చూసి అరవై ఏళ్లు దాటింది. నాకు కళ్లనీళ్లు రాలేదు. ముక్కు మాత్రం గుర్తుపట్టింది.

ఆ పెట్టె గిటారుకు తగిలించే యాంప్లిఫయర్. కావలసింది నా మనవరాలు మేఘనకు. రాయదుర్గంలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది, సెలవు దొరికితే గిటారు పట్టుకుంటుంది. నల్లగండ్లలో మేముండే అపార్ట్‌మెంటులో మా కింది ఇంటి ఓబులేసు గారు ఆమె పాత యాంపు మీద మూడుసార్లు ఫిర్యాదు చేశారు. ఆయన భార్యకు తలనొప్పి జబ్బు ఉంది, తప్పు ఆయనది కాదు. మూడోసారి అసోసియేషన్ వాళ్లు కాగితం పంపారు. నా కోడలు సుధ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అతికించి, "ఇంకొక్క కంప్లైంటు వచ్చిందంటే గిటారు మీ మావయ్య వాళ్లింటికి పంపించేస్తాను, ఇంట్లో ఉండదిక" అని కూతురితో చెప్పింది. సుధది ఏలూరు వైపు. మాట మెత్తగా ఉంటుంది, అన్నదంటే చేస్తుంది. మెల్లగా వాయించినా గొంతు చచ్చిపోనిది బుగ్గల యాంపు ఒక్కటేనని మేఘన ఎక్కడో చదివి, దాన్ని వెతకడానికి బయల్దేరింది. బుగ్గల పెట్టె సంగతి నాకు తెలుసు, నేనూ వస్తానన్నాను. నవ్వింది. నవ్వితే నవ్వనీ అని చెప్పులు వేసుకున్నాను.

మాది రాయదుర్గమే. ఇప్పుడు మెట్రో ఆఖరి స్టేషను పేరుగా తెలిసిన ఊరు, నా చిన్నప్పుడు గుండ్ల మధ్య ఇరుక్కున్న నూరు గడపల పల్లె. ఎండాకాలం ఆ రాతి గుండ్లు పొద్దుగూకినా వేడి వదిలేవి కావు, వానాకాలం వాటి సందుల్లో నీళ్లు నిలిచి కప్పలు అరిచేవి, సీతాఫలాలు పగిలే రోజుల్లో మేము పిల్లలం చెట్టుకొక్కరం ఎక్కి, గింజలు ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారో పందెం వేసుకుని, తిని తిని నాలుక మొద్దుబారి ఇంటికి పోయేవాళ్లం. మా నాయనమ్మ వాకిట్లో కూర్చుని తంబాకు నములుతూ వచ్చేపోయే వాళ్లందరినీ వాళ్ల తాత పేరుతో పిలిచేది, అసలు పేర్లు ఆమెకు అక్కర్లేదు. మా నాయన నర్సయ్యను మాత్రం ఊరంతా ఒకటే పేరు పెట్టి పిలిచేది. మైకు నర్సయ్య.

నాయన పట్నంలో ఒక మైకుల దుకాణంలో పెట్టెలు మోసి మోసి, చూసి చూసి, పని నేర్చుకుని వచ్చాడు. ఊళ్లోకి కరెంటు వచ్చిన కొత్తలో మా ఇంట్లోకి వచ్చిన సెట్టులో ఒక ఇనప పెట్టె, తామరపువ్వులా విచ్చుకున్న ఒక గొట్టం, తెల్ల గుడ్డ చుట్టిన మైకు, పాటల ప్లేట్లు తిప్పే మిషను ఉండేవి. పెట్టె వెనక బుగ్గలు. నాయనకు చదువు రాదు, నాకూ లేదు. నాకు అక్షరాలు వచ్చింది నలభై అయిదేళ్లకు, అదీ తెలుగే. నాబుల చుట్టూ రాసి ఉన్న ఇంగ్లీషు అక్షరాలు మా ఇద్దరికీ ముగ్గులాంటివి. అందుకని నాయన లక్క కరిగించి నాబుల పక్కన చుక్కలు పెట్టుకున్నాడు. పెళ్లికి ఎర్ర చుక్క దాకా, బోనాలకు పచ్చ చుక్క దాకా, పటేలు చాటింపుకు మేకుతో గీసిన గీత దాకా తిప్పాలి. చుక్క పెట్టడానికి ముందు మాత్రం చెవితోనే పని, ఆ చెవి నాది.

సెట్టును నాయన నేల మీద పెట్టేవాడు కాదు, ఊక బస్తా మీద పెట్టేవాడు. నేల మీద పెడితే గుమ్మనే మోత గోడల్లోకి పాకి మాటను తినేస్తుందని ఆయన లెక్క. ముందు బుగ్గలు ఎర్రబడేదాకా ఆగి, ఏ చప్పుడూ చెయ్యకుండా పెట్టె మీద అరచెయ్యి ఆనించి, అది ఊరికే గురక పెడుతున్నదా లేదా చూసేవాడు. తరువాత ఒక్కో బుగ్గను అగ్గిపుల్లతో తట్టేవాడు. గొట్టంలో టింగుమని మోగితే ఆ బుగ్గ పనికిరాదు, పండగ మధ్యలో మోసం చేస్తుంది. ఇవన్నీ అయ్యేలోపు నేను నాయన ఎర్ర తువ్వాల తీసుకుని ఊరి బయట ఏనుగుగుండు ఎక్కి నిలబడాలి. ఆయన మైకులో అన్న మాట తెలిస్తే తువ్వాల పైకెత్తాలి, చప్పుడే వచ్చి మాట తెలియకపోతే కిందికి దించాలి. నాయన నాబు తిప్పుతూ పోతే ఒకచోట గొట్టం కూత పెడుతుంది, కుక్కలన్నీ లేస్తాయి, కూత ఆగేదాకా వెనక్కి తిప్పుతాడు, ఆగినాక ఇంకో వెంట్రుకవాసి వెనక్కి వస్తాడు. చుక్క అక్కడ పెడతాడు.

"సప్పుడు ఎవడైనా వింటడు బిడ్డా, మాట తెలుస్తుందా లేదా గది జెప్పు నాకు" అనేవాడు.

నా ఈడు పిల్లలు కింద కచ్చకాయలు ఆడుతుంటే నేను గుండు మీద తువ్వాలతో నిలబడేదాన్ని. నన్ను చూసి కుళ్లుకునేవాళ్లు. నాకు అది బాగానే ఉండేది.

మా వైపు దసరాకు పనిముట్లకు పూజ చేస్తాం. నాగలి, కొడవలి, గొడ్డలి, రోకలి అన్నీ కడిగి వాకిట్లో వరసగా పెట్టి, పసుపు పూసి, బంతిపూలు వేసి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు అన్నిటి మీదా చల్లుతాం. మైకు సెట్టు కూడా పనిముట్టే, దానికీ పూజే. ప్రతి ఏడూ నాయన పూజ అయ్యాకనే స్విచ్చు వేసేవాడు. నాకు పదేళ్లున్న ఏడు మాత్రం, జమ్మికి ఎప్పుడు బయల్దేరాలో చాటింపు వెయ్యాలని పటేలు కబురు పెడితే, పొద్దున్నుంచీ సెట్టు ఆన్‌లోనే ఉంది. వాకిట్లో పొయ్యి మీద గారెలు వేగుతున్నాయి, వేటమాంసం ఉడుకుతున్నది, నాయనమ్మ ఎవరి తాతనో తిడుతున్నది. అమ్మ నా చేతిలో కొబ్బరిచిప్ప పెట్టి, "అన్నిటి మీద జర జర సల్లు, ఒక్కటి గూడ ఇడువకు" అంది. ఒక్కటి కూడా విడవలేదు. నాగలి మీద, కొడవలి మీద, గొడ్డలి మీద చల్లి, చివరికి సెట్టు వెనక జాలీలోకి నాలుగు చుక్కలు ఎక్కువే చల్లాను, నాయనది కదా అని.

టిక్కుమంది. అంతే. పెద్ద చప్పుడేమీ కాదు, కచ్చకాయ పగిలినంత. ఊరంతా వినిపిస్తున్న పాట ఆగిపోయింది.

నాయన వచ్చి స్విచ్చు తీసి, గుడ్డతో ఆ బుగ్గను బయటికి తీశాడు. లోపల నెత్తి మీద వెండిలా మెరిసే మచ్చ ఒకటి ఉండేది, అది నా కళ్లముందే పాలలా తెల్లబడింది. "గాలి సొచ్చింది. ఇగ సచ్చింది" అన్నాడు. నన్ను కొడతాడని అమ్మ వెనక్కి పోయాను. అమ్మ, నేనే చల్లుమన్నానని మొదలుపెట్టింది. నాయన ఇద్దరినీ చూడలేదు. "నేను సల్లారవెట్టలే. తప్పు నాది" అని, ఆ బుగ్గను తువ్వాలలో చుట్టి గూట్లో పెట్టాడు. ఆ సాయంత్రం పటేలు గుండెక్కి నోటితో అరిచినా సగం ఊరికి వినపడక, జమ్మికి కొందరు ముందు కొందరు వెనక పోయారు. కొత్త బుగ్గ దొరికేసరికి దీపావళి దాటింది. అన్నాళ్లూ నేను కింద కచ్చకాయలు ఆడాను, బాగా ఆడలేదు.

ఇక దుకాణం సంగతి. అమ్మే అబ్బాయి ముందు పెద్దది చూపించాడు. "అమ్మమ్మా, ఇది తీస్కోండి, ఇందులో నలభై రకాల సౌండ్స్ ఉన్నయి" అన్నాడు.

"నలభై ఏంజేస్కుంటది? ఒక్కటి సక్కగుంటె సాలు. బుగ్గలది దియ్యి" అన్నాను.

బుగ్గలవి మూడు తీశాడు. ఏమీ వాయించవద్దని మేఘనను ఆపి, ఒక్కోటి వేడెక్కేదాకా ఆగాను. మొదటిది ఊరికే గురక పెట్టింది, పెట్టె మీది అరచేతికి తెలిసింది. రెండోది మౌనంగానే ఉంది గానీ నెత్తి మీద వేలితో తడితే టింగుమంది. "ట్యూబ్ లూజేమో" అని అబ్బాయి గొణిగాడు. మూడోది, బియ్యం డబ్బా అంతది, తట్టినా పలకలేదు. దాని వెనక బలాన్ని బాగా తగ్గించే మీట ఒకటి ఉంది. మేఘన వాయించి, తల ఊపి, "నానమ్మా, ఇది గరగరమంటుంది గానీ అరవదు" అంది. అదే తీసుకున్నాం.

ఇంటికి వచ్చి దాన్ని ఆన్ చేసి, అది వేడెక్కుతుండగా నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి, సుధ పసుపు కుంకుమ పెట్టి, చేతిలో కొబ్బరిచిప్పతో యాంపు వెనక వంగి ఉంది.

"ఆగు!" అని అరిచాను. నా గొంతు ఈ మధ్య అంత లేచింది లేదు.

"కొత్త వస్తువు కదండీ అత్తయ్యా, రెండు చుక్కలు చల్లకపోతే ఎలాగండీ?"

"గాజు కాల్తున్నది. ఇప్పుడు సల్లినవనుకో, బుగ్గ పగుల్తది, కింది ఓబులేసుతో పని లేకుంటనే గిటారు ఇల్లు దాటుతది. నీళ్లు గుమ్మానికి జల్లు."

గుమ్మానికి చల్లింది.

నేల మీద ఉన్న యాంపును స్టూలు ఎక్కించి కింద బొంత మడిచి పెట్టాను. ఊక బస్తాలు ఇప్పుడు దొరకవు. నాబులు నాలుగు. గరుకు పెంచేది ఒకటి, బయటికి పోయే మొత్తం చప్పుడుది ఒకటి, లావు గొంతుది ఒకటి, సన్న గొంతుది ఒకటి అని మేఘన చెప్పింది. గోడలు దాటి పాకేది లావు గొంతే కాబట్టి దాన్ని పావు దాకా దించాం. సన్నదాన్ని సగంలో పెట్టి, గరుకును ముప్పాతిక దాకా పోనిచ్చాం. మొత్తం చప్పుడుది మాత్రం చుక్క లేకుండా వదిలి, ఫోను పట్టుకుని నేను కిందికి దిగాను. ఏనుగుగుండు లేదు, ఓబులేసు గారి ఇల్లు ఉంది.

ఆయన తలుపు తీసి, "ఏం పెద్దమ్మా, మళ్లీ మొదలుపెట్టినారా?" అన్నారు.

"పెట్టలే. నువ్వు ఇనాలె, ఇనొస్తె జెప్పాలె. గందుకే వచ్చిన" అన్నాను.

ఆయనది కర్నూలు వైపు. మనిషి ముక్కుసూటి, నాకు నచ్చుతాడు. "నాకు వినపడకపోతే సాలదు పెద్దమ్మా, లోపల మా యామెకు వినపడకూడదు. ఆమె పండుకోనుంది" అని కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. నా కుడిచెవి పోయి నాలుగేళ్లయింది, ఎడమది సగమే. అందుకని గోడకు అరచెయ్యి ఆనించి, ఫోనులో "తిప్పు" అన్నాను. ఇంకా తిప్పు అన్నాను. గోడ పలకలేదు. కొంతసేపటికి ఓబులేసు గారు గడియారం చూసి, "అమ్మాయిని మొదలుపెట్టమను పెద్దమ్మా, ఎంతసేపని నిలబడ్తావు?" అన్నారు.

"పావుగంట నుంచి వాయిస్తనే ఉన్నది" అన్నాను.

నమ్మలేదు. ఇంకొంచెం తిప్పమన్నాను. అప్పుడు గోడలో చీమ నడిచినట్టు ఏదో అయింది, ఆయన తల పైకెత్తి, "ఆ, ఇప్పుడు తెలుస్తాండాది" అన్నారు. వెనక్కి రమ్మన్నాను. "పాయె" అన్నారు. ఇంకో వెంట్రుకవాసి వెనక్కి రమ్మన్నాను. లోపలి గది తలుపు తెరుచుకుంది. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ నిద్ర కళ్లతో వచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి గాబరాపడి, "ఏమైంది పెద్దమ్మా, తల తిరుగుతాండాదా? నీళ్లు తెచ్చేదా?" అంది. పైన మేఘన వాయిస్తూనే ఉంది. నీళ్లు తెమ్మన్నాను, దాహంగానే ఉంది.

పైకి వచ్చాక సుధ గోళ్లరంగు సీసా తెస్తే నాబు పక్కన ఎర్ర చుక్క పెట్టాం. ఫ్రిజ్ మీది కాగితం సుధే తీసేసింది. ఏనుగుగుండును పగలగొట్టి కట్టిన అద్దాల మేడ పక్కనే మేఘన రోజూ బస్సు దిగుతుంది, అక్కడ తువ్వాల ఊపినా చూసేవాడు లేడు. మైకు సెట్టును నాయన పోయిన ఏడే పాత ఇనుములో వేశారు. తెల్లబడ్డ బుగ్గ ఎక్కడ పోయిందో నాకు తెలియదు. అప్పట్లో మాట ఎంత దూరం పోతుందో చూసుకునేవాళ్లం. ఇప్పుడు చప్పుడు ఎక్కడ ఆగుతుందో చూసుకుంటున్నాం. పని మాత్రం అదే పని.

ఆ రోజు ఉన్నవాళ్లు వీళ్లు: దుకాణంలో పేరు అడగని ఆ అబ్బాయి. కింద ఓబులేసు గారు, లక్ష్మీదేవమ్మ. పైన నా కోడలు సుధ, నా మనవరాలు మేఘన. రెండు అంతస్తుల మధ్యా ఎక్కి దిగుతూ నేను, మైకు నర్సయ్య బిడ్డ అంజమ్మను.