మబ్బు గుర్తు పడ్డ గొంతు

2024లో, మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజుల్లో జరిగిందిది. సత్తెనపల్లి బస్టాండు రోడ్డులో మాకో చిన్న షాపుంది. ముందువైపు జిరాక్సు, ఆన్‌లైన్ పనులు. తెర వెనక కంప్యూటర్ రిపేర్లు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఈ పని మా ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పుస్తకంలో చదివింది మర్చిపోతానేమోగాని, షాపుకొచ్చిన మనిషి ఏం చెప్పిందీ, ఏం చెప్పలేక ఆగిపోయిందీ ఎన్నాళ్ళయినా నాకు గుర్తుంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆవిడ లాప్‌టాప్‌ని గుడ్డసంచిలో పెట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. ఆయన మెడ చుట్టూ చేతిరుమాలు. నన్ను పిలవడానికి రెండు చేతులూ కలిపి మెల్లగా చప్పుడు చేసి, చిన్నపిల్లల పలక ఒకటి బల్లమీద పెట్టాడు. పలక మీద ‘నా పేరు యేసోబు, మైకు’ అని రాసి ఉంది.

ఆ పేరు చదవగానే ఆయనెవరో నాకు తెలిసిపోయింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన గొంతు ఎరగనివాళ్ళు లేరు. విత్తనాల కొట్టు తెరిచినా, చర్చిలో కూటాలు జరిగినా, ఎవరైనా కాలం చేసినా ఆటోకి మైకు కట్టి తిప్పేవాళ్ళు. అందులో వినపడేది ఆయనే. ఆ మాటలు లాప్‌టాప్‌లో రికార్డు చేసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆటోవాళ్ళకి ఇచ్చేవాడు. అంతటి గొంతూ క్యాన్సర్ ఆపరేషన్‌లో పోయిందట. గొంతు దగ్గర చిన్న రంధ్రం, దాని మీద ఆ రుమాలు.

తర్వాత సంగతి ఆయన భార్య మరియమ్మ గారు చెప్పింది. ఆపరేషన్‌కి ముందు గుంటూరులో డాక్టరు, మాట తిరిగి రాదని చెప్పేశారు. ఆయన ఇంటికొచ్చి, తలుపేసుకుని, ఇంట్లో రోజూ అవసరమయ్యే మాటలన్నీ తన గొంతుతోనే రికార్డు చేసుకున్నాడు. మంచినీళ్ళు ఇవ్వు. నొప్పిగా ఉంది. తలుపెయ్యి. ఎవరొచ్చారు. ఒక్కో మాట ఒక్కో ఫైలు. వాటన్నిటినీ ‘ఇంట్లోకి’ అనే ఫోల్డర్‌లో పెట్టాడు. ఆపరేషన్ తర్వాత ఏం కావాలన్నా లాప్‌టాప్ తెరిచి ఆ మాట నొక్కేవాడు. అది పలికేది.

“పలక ఉందిగదమ్మా, దాని మీద రాస్తే సరిపోదా?” అన్నాను, తెలియక.

“రాస్తే చదివేదెవరమ్మాయ్? నాకు అక్షరం ముక్క రాదు,” అందావిడ.

అప్పుడర్థమైంది నాకు, ఆ సంచిలో ఏముందో. ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా ఉన్న మాటంతా అదే.

ఇక జబ్బు ఏమిటంటే, సంక్రాంతి దాటాక లాప్‌టాప్‌కి అప్‌డేట్ వచ్చింది. అంటే కంప్యూటర్‌ని నడిపించే ప్రోగ్రాం తనని తాను కొత్తగా మార్చుకోవడం. అది అయ్యాక తెర మీద ఏవో ప్రశ్నలు అడుగుతుంది. చాలామంది చేసినట్టే యేసోబు గారు కూడా అన్నిటికీ సరే అని నొక్కారు. ఆ సరేల్లో ఒకటి, ఫైళ్ళన్నీ క్లౌడ్‌లో పెట్టమంటావా అన్నది. క్లౌడ్ అంటే ఎక్కడో దూరాన కంపెనీవాళ్ళ కంప్యూటర్లలో మన సరుకు దాచడం. లాప్‌టాప్‌లో చోటు తక్కువగా ఉండటంతో అది ఫైళ్ళని రోజూ కొన్ని చొప్పున పైకి పంపేసి, ఇక్కడ పేర్లు మాత్రం మిగిల్చింది. పేరు నొక్కితే నెట్‌లోంచి తెచ్చుకుని పలకాలి. వాళ్ళ ఊళ్ళో నెట్ అంతంతమాత్రం. నొక్కితే పలకలేదు. ప్రతి పేరు పక్కనా చిన్న మబ్బు బొమ్మ మాత్రం వచ్చింది.

“మరి ఆ ఫైళ్ళేవి?” అన్నాను. ‘ఇంట్లోకి’ ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా ఉంది. లాప్‌టాప్‌లో రీసైకిల్ బిన్, అంటే తీసేసినవి పడే చెత్తబుట్ట, అదీ ఖాళీయే.

మరియమ్మ గారు చీర కొంగు వేలికి చుట్టుకుంది. ఆయన పలక తుడిచి, రాసి, ఆవిడ పక్కనే ఉండగానే నా వైపు తిప్పాడు. ‘నేనే తీసేశాను. మా ఇంటిదాన్ని ఏమీ అడగొద్దు.’ ఆవిడ ఆ పలక వంకా, నా మొహం వంకా చూసి, ఏం రాశాడని అడిగింది. నెట్ సరిగా లేదని రాశారన్నాను.

తీసేసిన ఫైళ్ళు క్లౌడ్‌లో ఉన్న చెత్తబుట్టలో కొన్నాళ్ళుంటాయి. గడువు దాటితే అదే ఖాళీ చేసేసుకుంటుంది, ఇక ఎవరి తరమూ కాదు. వీళ్ళు కోతల్లో పడి చాలా రోజులు ఆలస్యంగా వచ్చారు. త్వరగా లోపలికి వెళ్ళి చూడాలి. చూద్దామంటే పాస్‌వర్డ్ తెలియదు. అది మార్చాలంటే ఓటీపీ కావాలి. అది ఆయన నంబరుకు వస్తుంది. ఆ సిమ్ ఏదని అడిగితే ఆయన తల దించుకున్నాడు. మాట్లాడలేనివాడికి ఫోనెందుకని రీఛార్జి మానేసి, సిమ్ తీసి పర్సులో పడేశాడట. అదృష్టం, పారెయ్యలేదు. రోడ్డు దాటితే సిమ్‌ల షాపుంది. నంబరింకా బతికుందేమో కనుక్కుని రీఛార్జి చేయించుకు రమ్మన్నాను. ఏం కావాలో ఆయనే పలక మీద రాసుకుని వెళ్ళాడు.

ఆయన రోడ్డు దాటాక మరియమ్మ గారు బల్ల మీదికి వంగింది.

“అమ్మాయ్, నీకు పుణ్యముంటది, ఆయన్నేమీ అనబాక. తీసెయ్యమంది నేను.”

పుట్టిన దగ్గర్నుంచీ మిరపకాయల్లో బతికిన మనిషి ఆవిడ. కాయలు కళ్ళంలో ఉన్నప్పుడు మబ్బు పట్టిందంటే ఊరంతా కాయల మీద కప్పే పట్టాలు పట్టుకుని పరిగెడుతుంది. తడిసిన కాయ నల్లబడుతుంది, రంగు పోయిన తాలుకాయని మంచికాయలో ఉంచితే మొత్తానికీ ధర పోతుంది. అందుకే ఏరి పారేస్తారు. ఫైళ్ళ పక్కన మబ్బు బొమ్మ చూసి, ఇవి పాడైపోయాయి, తాలు ఏరినట్టు ఏరెయ్, లేకపోతే మిగతావీ పోతాయని ఆవిడ చెప్పింది. ఆయన ఏరేశాడు. మర్నాటికి ఇంకొన్నిటికి మబ్బు పట్టింది. అవీ ఏరేశాడు. చివరికి గంపలో ఏమీ మిగల్లేదు.

“ఇన్నేళ్ళూ ఆ అరుపులు వినలేక చచ్చేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఆ గొంతు నేనే నొక్కేసినట్టుంది,” అంది.

నేను ఆవిడకి కోల్డ్ స్టోరేజీ మాట చెప్పాను. మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, తీసుకెళ్ళి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెడతాం, మన చేతికి చీటీ ఇస్తారు. ఆ మబ్బు బొమ్మ చీటీలాంటిది. సరుకు అక్కడ క్షేమంగా ఉందని దానర్థం. కాకపోతే ఇందులో ఒక మెలికుంది, ఇక్కడ చీటీ చించితే అక్కడ టిక్కీ కూడా తీసి బయట పడేస్తారు. ఈ రెండూ కలిసి నడవడాన్ని సింక్ అంటారు. ఆవిడ ఆలోచించి, “అయితే మబ్బు బొమ్మ ఎందుకేశారు, గోడౌన్ బొమ్మ వెయ్యాల్సింది,” అంది.

యేసోబు గారు తిరిగొచ్చారు. నంబరు బతికే ఉంది. సిమ్ నా ఫోన్‌లో వేసుకుని ముగ్గురం దానివంకే చూస్తూ కూర్చున్నాం. ఓటీపీ వచ్చింది. పాస్‌వర్డ్ మార్చి, క్లౌడ్ చెత్తబుట్ట తెరిచాను. మొదట ఏరినవాటికి గడువు దగ్గర పడిందిగాని, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చి, ఎప్పుడూ ఈ లాప్‌టాప్‌లోనే ఉండేట్టు పెట్టాను. పలుకుతున్నాయో లేదో చూద్దామని చేతికందినదొకటి నొక్కాను. స్పీకరు సౌండు ఎంతుందో చూసుకోలేదు.

“ఏవే, కూరలో ఉప్పేదీ?”

షాపు దద్దరిల్లింది. జిరాక్సు దగ్గర నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. మరియమ్మ గారు లాప్‌టాప్ వంకే చూస్తూ, అలవాటుగా, “వేశాను, అడుగునుంది, కలుపుకో,” అనేసింది. అన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడని కాస్త ఆగి తెలిసింది నాకు.

పోతూపోతూ ఆవిడ, “చూశావా, అన్నీ వంకలే. ముప్పై ఏళ్ళు వండాను, బాగుందన్న మాట ఒక్కనాడు లేదు, ఇక ఈ పెట్టెలో ఎక్కడ్నుంచి వస్తది,” అంటూ నేను కాపీ చేసిచ్చిన పెన్‌డ్రైవ్‌ని రొంటిన దోపుకుంది.

ఈ పనిలో అప్పటిదాకా నేను అడిగే మొదటి ప్రశ్న, ఎవరు తీసేశారని. ఆ రోజు తర్వాత అది మానేశాను. తీసెయ్యాలని ఎందుకనిపించిందని అడుగుతున్నాను. తెలివితక్కువై ఎవరూ తీసెయ్యరు. తమ పని తమకి నేర్పిన తెలివితోనే తీసేస్తారు. అలా అడిగితే జనం దాచకుండా చెబుతున్నారు, నాకూ సగం పని తప్పుతోంది.

వారం తిరక్కుండా యేసోబు గారు ఒక్కడే వచ్చాడు. పలక మీద ముందే రాసుకొచ్చాడు. ‘బాగుంది అన్న మాట కావాలి. రికార్డు చేసేటప్పుడు గుర్తు రాలేదు.’ జేబులోంచి పాత పెన్‌డ్రైవ్ తీసిచ్చాడు. అందులో ఆయన మైకు ప్రచారాలు ఉన్నాయి. ఒక్కొక్కటీ వింటూ పోయాను. ఒక విత్తనాల కొట్టు ప్రచారంలో దొరికింది: “ఈ విత్తనం వేసిన ప్రతి రైతూ చెప్పేది ఒక్కటే, కాపు బాగుంది.” చివరి మాట ఒక్కటీ కత్తిరించి, కేక తగ్గించి, ‘ఇంట్లోకి’ ఫోల్డర్‌లో పెట్టాను. ఆయన రెండుసార్లు విని, పలక చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వానాకాలంలో మరియమ్మ గారు ఆధార్ జిరాక్సుకి వచ్చింది. లాప్‌టాప్ బాగా పనిచేస్తోందా అని అడిగాను.

“ఏం బాగు. నిన్న ఉప్పు మర్చిపోయినా బాగుందనే అంది. ఒకసారి చూడాలమ్మాయ్ దాన్ని,” అంది, నా వంక చూడకుండా.

తీసుకురమ్మన్నాను. ఇంతవరకూ తేలేదు.