నా మోత కింద మామ పిలుపు

ఇరుకు సంగతి మాట్లాడితే ప్రొద్దుటూరు బజారు కన్నా రేడియోలో మేము మాట్లాడుకునే నలభై మీటర్ల బ్యాండే ఇరుకు. ఎవడో ఒకడు అడ్డంగా తిష్ఠ వేసుకునే ఉంటాడు. అట్లాంటివాళ్లను తిట్టడంలో నాదే పెద్ద నోరు. ఇంట్లో సొంత సెట్టు పెట్టుకుని ఊరూరివాళ్లతో మాట్లాడుకునే ఈ హ్యామ్ రేడియోలో మొదట నేర్పే మర్యాద ఒకటే: ముందు చెవి పెట్టి విను, ఎవరైనా ఉన్నారా అని అడుగు, తర్వాతే మాట్లాడు.

ఆ మర్యాద నాకు నేర్పింది జమ్మలమడుగు మామ. చుట్టరికం లేదు, రేడియోలో కుదిరిన వరస. గొంతు ఆపరేషన్ తర్వాత ఆయనకు మాట పోయింది. ఇంటికి వచ్చినవాళ్లకు పలక మీద రాసి చూపేవాడు. మనసు విప్పి మాట్లాడేది మాత్రం మోర్స్‌లోనే, అక్షరాలను పొట్టి పొడుగు టకటకలుగా కొట్టే భాషలో. ఆయన సెట్టు చేత్తో కట్టుకున్నది, దానికి ఒకే ఒక్క క్రిస్టల్. అంటే ఒకే ఫ్రీక్వెన్సీ, పక్కకు జరిగే వీలు లేదు. రోజూ ఉదయం ఏడింటికి నా కాల్‌సైన్, అంటే రేడియోలో నా పేరు, కొట్టి నన్ను పిలిచేవాడు. టమాటా ధర నుంచి అత్త మీద చాడీల దాకా అన్నీ టకటకా కొట్టి చెప్పేవాడు.

అంతలో నాకు డిజిటల్ పిచ్చి పట్టింది. రేడియోను కంప్యూటర్‌కు తగిలించి పులివెందుల మిత్రుడికి ఫొటోలు పంపడమే పని. మోర్స్‌కు కాలిబాట చాలు. ఈ ఫొటోల పద్ధతి గడ్డి వేసుకున్న ఎడ్లబండి, దారంతా దానికే కావాలి. దాని గరగరకు ఇంట్లోవాళ్లు గోల చేస్తే స్పీకరు పూర్తిగా తగ్గించేశాను. పొద్దున్నే కంప్యూటర్ తెర మీద ఖాళీగా కనిపించిన చోట బటన్ నొక్కేవాణ్ణి. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, వారం రోజులు మామ గుర్తుకే రాలేదు.

ఎనిమిదో రోజు పులివెందుల మిత్రుడు ఫోన్ చేశాడు.

"ఏందప్పా, నీకు ఇనపల్యా? నీ మోత కింద ఎవరో టకటకా కొడ్తాండారు. రోజూ ఇదే కత. ఈపొద్దు రాసుకొని చూస్తే నీ కాల్‌సైనే. నిన్నే పిలుస్తాండారు."

తల కొట్టేసినట్టయింది. దొరికిన బస్సెక్కి జమ్మలమడుగు పోయాను.

తలుపు తీస్తూనే అత్త అందుకుంది. "ఇన్ని దినాలు యాడికి పోయినావప్పా? సెట్టు చెడిందని ఈ మనిషి మూడు తూర్లు మిద్దె ఎక్కినాడు. ఏరియల్ తీగ దించేది, మళ్లా కట్టేది. శానా భయమైంది నాకు."

మామ అరచేతుల నిండా తీగ కోసిన గీతలు. నన్ను చూడగానే పలక అందుకుని రాశాడు: "సెట్టులో తప్పేం దొరకల్యా. ఒట్టి గరగర. నా చెవులు గూడా పోయినట్టుండాయి. రేపు తీగ తీసేస్తా."

"నీ చెవులు బాగుండాయి మామా. ఆ గరగర నాదే. నీ చోట్లోనే, ఇనకుండా బటన్ నొక్కినా," అన్నాను.

నేను తిట్లకు సిద్ధపడ్డాను. అడ్డం కూర్చున్నవాణ్ణి నేనెప్పుడూ ఊరికే వదల్లేదు మరి. మామ పలక పక్కన పెట్టేసి, నా చేయి తీసుకుని, అరచేతిలో వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. చెవితో వినే అలవాటే గాని చేతిలో మోర్స్ ఎప్పుడూ చదవలేదు, ఏం కొడుతున్నాడో అందలేదు. "మళ్లా కొట్టు మామా," అన్నాను. ఇంకా నిదానంగా కొట్టాడు.

మూడోసారికి అర్థమైంది. అన్నం తినిపో అంటున్నాడు.