గోడ మీది అతిథి, గోతంలో ఘాటు

ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, ఎంత పెద్ద సమస్యనైనా ముక్కలుగా విడగొట్టి వరుస నంబర్లు వేస్తే సగం తేలిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. (మిగతా సగం ఎవరు తేలుస్తారో అప్పటికి ఆలోచించలేదు.) గుంటూరు దగ్గర మా ఊళ్లో మిరపకాయలు కళ్లానికి వచ్చిన ఎండాకాలం అది. ఒక పొద్దున స్నానానికి వెళ్లిన నాయనమ్మ చెంబు వదిలేసి బయటికి పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్, కప్ప గోడెక్కి కూర్చుందిరా! బల్లయితే బల్లిలా ఉండాలి, కప్పయితే కప్పలా ఉండాలి. ఇదేం చోద్యం?"

వెళ్లి చూశాను. కిటికీ కింద, కాళ్లూ చేతులూ పొందిగ్గా మడుచుకుని, సున్నం గోడకి తగ్గట్టు తానూ పాలిపోయి కూర్చుంది. ఫోన్లో ఫొటోలు తెరిచి ఒక్కొక్కటీ సరిచూశాను: వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు, ఉన్నాయి, తొడల వెనక పసుపు చుక్కలు, ఉన్నాయి, పగలు నిద్ర, సందేహమే లేదు. చెట్టు కప్ప! ఎండలు ముదిరితే తడి వెతుక్కుంటూ స్నానాల గదుల్లోకి వస్తుందట. ఏ పట్టూ లేని నున్నటి గోడ మీద, ఏ తొందరా లేకుండా అలా కూర్చోవడం చూస్తే, ఇంటర్వ్యూ గదుల్లో నేను కూర్చున్న తీరు గుర్తొచ్చి సిగ్గేసింది.

"సాయంత్రానికి అది ఉండాలో నేను ఉండాలో తేల్చు," అంది నాయనమ్మ. బాబాయి చీపురు అందుకున్నాడు. "దానికింత చర్చేంట్రా? బయటికి తోసేస్తే పోలా?" బయటంటే కళ్లం. ఆ ఎండలో, ఆ మిరపకాయల మధ్య పడితే దాని పల్చటి చర్మం ఏమైపోతుంది? పొద్దుగూకేదాకా అట్టపెట్టెలో దాచి, చల్లబడ్డాక బోరు పక్కన అరటి చెట్ల దగ్గర వదులుతానని బతిమాలి, చీపురు కింద పెట్టించాను.

పెట్టెకి గాలి కన్నాలు పొడిచాను. సబ్బు దాని చర్మానికి పడదని చేతులు ఉత్త నీళ్లతో కడుక్కున్నాను. తడి ఆరకుండా అడుగున ఒక గోతం ముక్క తడిపి పరిచాను. కప్పని మెల్లగా అందులోకి దించి అందరినీ పిలిచాను. కాసేపటికి అది ఒక చెయ్యెత్తి కన్ను తుడుచుకుంది. తర్వాత రెండోది. "చూడు నాయనమ్మా, ఎంత శుభ్రమో!" అన్నాను గర్వంగా. నాయనమ్మ వంగి చూసింది. "శుభ్రమా నీ మొహమా! అది ఏడుస్తోందిరా!"

బాబాయి గోతం కొస పట్టుకుని వాసన చూసి, పెద్దగా తుమ్మాడు. "ఓరి ఇంజనీరూ! ఇది పోయినేడు కాయలు తొక్కిన గోతంరా!" మా ఇంట్లో ఏ గోతమైనా మిరప గోతమే. ఘాటు మాకు వాసన కాదు, గాలి; అందుకే ఎవరి ముక్కుకీ తెలియలేదు. ఏ కళ్లం నుంచి కాపాడాలనుకున్నానో ఆ కళ్లాన్నే తడిపి దాని కింద పక్కేశానన్నమాట.

కప్పని గబగబా పెట్టెలోంచి తీసి స్నానాల గది గచ్చు మీద పెట్టాను. నాయనమ్మే తను తాగే కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి, దాని వీపు మీద సన్నటి ధారగా పోసి, చెంబు నా చేతికిచ్చింది. "పొయ్యరా, ఇంకా పొయ్యి! మంట నీకు తెలీదా?" మంటకి చల్ల మంచిదని మజ్జిగ గిన్నె కూడా తెచ్చింది. "ఉప్పు వేశావా?" అని అడిగి, "వెయ్యకుండా ఎలా ఉంటానురా?" అని నాయనమ్మ అన్నాక, ఉప్పు దాన్ని ఇంకా మండిస్తుందని ఆ గిన్నె నేను తాగేశాను. కప్ప మాత్రం చెంబు పక్కన చదునుగా పడి ఉంది, కదల్లేదు. "పోతే పాపం మనదే," అంది నాయనమ్మ, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.

చాలాసేపటికి దాని గొంతు కింద చర్మం టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఒక కాలు చాపింది. తర్వాత, మా ముగ్గురినీ పట్టించుకోకుండా, మళ్లీ గోడెక్కి, కిటికీ కింద తన పాత చోట్లోనే కాళ్లు మడుచుకుంది. బాబాయి చీపురు మూలన పెట్టేశాడు. ఆ సాయంత్రం నాయనమ్మ బోరు దగ్గర చీర అడ్డం కట్టుకుని స్నానం చేసింది. "దానికి ఒంట్లో బాగోలేదుగా," అంది, ఎవరూ అడక్కుండానే.

ఇప్పుడు నేను ఊరికి దూరంగా, ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పటికీ పనులకి నంబర్లు వేస్తాను కానీ, చివర్లో ఒకసారి వాసన చూస్తాను. మొన్న ఎండలు మొదలవగానే నాయనమ్మ ఫోన్ చేసింది: "మీవాడొచ్చాడురా, గోడ మీదే కూర్చున్నాడు. నువ్వు లేవుగా, కులాసాగానే ఉన్నాడు."