ఆరు వారాల మౌత్‌పీసు

ఈ ఏడాది కొత్త పిల్లల దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చాయి. రియాద్‌లో ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ వాయిస్తూ, సాయంత్రాలు పిల్లలకు నేర్పే నేను ముందుగా చూసేది పిల్లల పేరు కాదు, తండ్రి పేరు. ఈ అలవాటుకు కారణం ఒక ఇంజనీరు.

ఏళ్ల కిందట ఇదే సౌదీలోని జిజాన్ ఊళ్లో ఆయన ఉండే కాంపౌండులో నేను ఏసీలు బాగుచేసేవాణ్ని. జగిత్యాల దగ్గర మా ఇంటిది బ్యాండు మేళం. మా నాయన నేర్పిన ట్రంపెట్‌ను పెట్టె అడుగున పెట్టి తెచ్చుకున్నాను. సంగీతం బయటికి వినపడకూడని రోజులవి; తన కూతురి మొదటి పుట్టినరోజుకు తలుపులన్నీ మూసి వాయించమన్నాడాయన. ఊళ్లో బరాతు ముందు నడుస్తూ వాయించినట్టే బుగ్గలు పూరించి వాయించాను. "ఆ బుగ్గలు చూడండర్రా, పూరీల్లా ఎలా పొంగాయో" అని అందరినీ నవ్వించాడు. సరే, నవ్వులు మాకు కొత్త కాదు. భోజనాల వేళ నేనూ చేతులు కడుక్కుని వచ్చేసరికి భార్యతో, "బ్యాండతనికి పార్సిల్ కట్టిచ్చెయ్యి, బయట కూర్చుని తింటాడు" అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండా కట్టిచ్చింది. గుమ్మం బయట, ఆయన బూట్ల పక్కన కూర్చుని తిన్నాను. బిర్యానీ బాగానే ఉంది. అదీ నాకు కోపమే.

ఆ కసితోనే నా శుక్రవారాలన్నీ ఒక ఈజిప్టు మాస్టారి దగ్గర గడిపాను. ఆయన నన్ను అద్దం ముందు నిలబెట్టి, పొంగకుండా నా బుగ్గల్ని రెండు వేళ్లతో నొక్కిపట్టేవాడు. స్వరలిపి చదవడానికే మూడేళ్లు పట్టింది. ఈ దేశంలో సంగీతానికి తలుపులు తెరుచుకున్నాక ఆర్కెస్ట్రాలో మూడో ట్రంపెట్ కుర్చీ దొరికింది. ఆ తర్వాత ఈ పాఠశాల.

నిరుడు ఆ ఇంజనీరు పద్నాలుగేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు; పైగా 'మాస్టారూ' అన్నాడు. అది ఇంకో నేరం. మా దగ్గర కొత్తవాళ్లు మూడు వారాలు ట్రంపెట్ ముట్టుకోరు. ట్రంపెట్ నుంచి ఊడదీసిన ఉత్త మౌత్‌పీసు పెదాలకు ఆనించి ఊదాలి. కందిరీగ గోల తప్ప ఏమీ రాదు. ఆ పిల్లకు ఆరు వారాలు వేశాను. "ఇంకెన్నాళ్లండీ మాస్టారూ, ఇంట్లో ఉండలేకపోతున్నాం" అని తండ్రి ఫోన్లో మొత్తుకున్నాడు. "పెదవి కుదరాలె గద సార్" అన్నాను. ఆ పూట అన్నం కమ్మగా తిన్నాను.

తీరా చూస్తే ఆ ఆరు వారాల పుణ్యమా అని క్లాసులో అందరికన్నా నిండైన స్వరం ఆ పిల్లకే వచ్చింది. కచేరీలో ఒంటరిగా వాయించే భాగం ఎవరికివ్వాలో తేల్చాల్సింది నేను. వారం రోజులు వేరే పేర్లు రాసి కొట్టేశాను. చివరికి నా పగ ఒప్పుకోకపోయినా నా చెవి ఒప్పుకుంది.

ఆ అమ్మాయి బుగ్గ పొంగకుండా వాయించింది. కచేరీ అయ్యాక ఇంజనీరు నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు మా ఇంటికి భోజనానికి రావాల్సిందే" అన్నాడు.

"నాకు పార్సిల్ కట్టియ్యున్రి సార్, బయట కూసొని తింట."

ఆయన పెద్దగా నవ్వాడు. పక్కనున్న ఆయన భార్య నవ్వలేదు. నా ముఖం కేసి చూసింది, నా చేతుల కేసి చూసింది, తల దించుకుంది. ఇన్నేళ్ల కాలం ఆయన్ను తాకకుండానే గడిచిపోయింది. ఆనాటి బిర్యానీ పొట్లం మాత్రం ఆవిడ చేతుల్లోనూ నా చేతుల్లోనూ ఇంకా వెచ్చగానే ఉంది.